కాలు తీసిన పడవ

3, మంగళవారం

ఎట్టకేలకు పడవ కాలు ఊడదీశాం. షాపువాళ్ళు డ్రైవు అంటారు. ఈ షెడ్డులో నాన్న ఉన్నప్పటినుంచీ అది కాలే. పడవ వెనక నీళ్ళలోకి వేలాడే ఆ ఇనుప దిమ్మెను ఇద్దరం మోసుకొచ్చి స్టాండు మీద నిలబెట్టేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. తమ్ముడు చేతులు దులుపుకుని, "నాలుగు రోజుల పని కదక్కా" అన్నాడు. పది రోజులన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. రబ్బరు తొడుగు పాతబడింది, బేరింగు చూడాలి, నీళ్ళు చొరబడకుండా ఆపే సీళ్ళన్నీ మార్చాలి. ఎవరి పడవైనా నేను ఇంతే చూస్తాను. సొంత తమ్ముడి పడవని తూతూమంత్రంగా చేసి పంపిస్తానా?

ఇరవయ్యో తేదీకల్లా ఈ పడవ అవతలి జలాశయంలో ఉండాలట. అక్కడ ఆనకట్ట పనివాళ్ళని రోజూ ఇటునుంచి అటు దాటించే పని వీడికి ఇస్తామన్నారు. ఉండడానికి రెండు గదుల ఇల్లు కూడానట. ఇరవై దాటితే వేరేవాడిని పెట్టుకుంటారు. నాకు ఒకసారి చెబితే అర్థం కాదన్నట్టు మూడుసార్లు చెప్పాడు. మంచి పనే. మొగుడూ పెళ్ళాం హాయిగా వెళతారు. వెళ్ళనీ. నాకేం?

4, బుధవారం

ఇవాళ మరదలికి పాఠం చెప్పాను. ఆ పిల్ల చిన్నపిల్లల బడిలో టీచరు. వెళ్ళిపోతున్నాం కదా అని మొన్ననే మానేసింది. ఊరికే కూర్చోలేక షెడ్డులోకి వచ్చి ఇది ఏంటి వదినా, అది ఏంటి వదినా అని ప్రాణం తీస్తోంది.

కాలు ఉంటే అదే కింద నీళ్ళు పీల్చి ఇంజన్ చల్లబడడానికి పంపుతుంది. ఇప్పుడు కాలు లేదు, పడవ నేల మీద ఉంది. అందుకని పెరట్లో మొక్కలకి పట్టే పైపు తెచ్చి ఇంజన్ నీళ్ళ గొట్టానికి బిగించాను. రెండో కొస గోడ దగ్గర కొళాయికి. కొళాయి దగ్గర ఆ పిల్లని నిలబెట్టాను.

"ముందు నీళ్ళు విప్పి, తర్వాత ఇంజన్ స్టార్ట్ చేస్తే మంచిది కదా వదినా?" అంది.

"అమ్మా తల్లీ, ఆ పని మాత్రం చెయ్యకు. ఇంజన్ తిరుగుతుంటేనే ఆ పొగ నీళ్ళని బయటికి తోస్తుంది. తిరక్కుండా నీళ్ళు వదిలావనుకో, పొగ గొట్టమంతా నిండి, వెనక్కి ఎక్కి, సిలిండర్లలో కూర్చుంటాయి. నీళ్ళని నొక్కడం ఎవడబ్బ తరమూ కాదు. ఇంజన్ కొయ్యబారిపోతుంది. ఇంజన్ అందుకుంది అని నేను అరిచాక విప్పు. ఆగీ ఆగగానే కట్టేయి."

"ఇంజన్ ముందు, నీళ్ళు వెనక. ఆపాక చుక్క నీరు వద్దు" అని బడిపిల్లలకి చెప్పినట్టు రాగం తీసింది. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వలేదు.

5, గురువారం

రబ్బరు తొడుగు వచ్చింది. నచ్చలేదు. వెనక్కి పంపేశాను.

6, శుక్రవారం

తొడుగు ఎందుకు పంపేశావని తమ్ముడు నిలదీశాడు. అంచు పల్చగా ఉందన్నాను. ఉంది కూడా. కొంచెం. షాపాయన ఫోన్ చేసి, "ఇరవై ఏళ్ళుగా ఇదే తొడుగు తీసుకుంటున్నారు కదమ్మా, ఇప్పుడేమొచ్చింది?" అన్నాడు. ఆయనకేం, అమ్ముకునేవాడు.

పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఇంజన్ నడిపాం. తమ్ముడు "రోజూ రెండు పూటలా ఎందుకక్కా, దానికేమైనా మందులా?" అన్నాడు. నడపాలి. ఊరికే ఉంటే ఇంజన్ పాడవుతుంది. నడుస్తుంటే షెడ్డు రేకులు సన్నగా వణుకుతాయి, వాడు ఇంజన్ మీద చెయ్యి వేసి నిలబడతాడు, ఆ పిల్ల కొళాయి దగ్గర నా నోటి వంక చూస్తూ ఉంటుంది. ఇంజన్ అంత బాగా తిరుగుతుంది, పడవ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సాయంత్రం అరగంట అని ముప్పావుగంట నడిపాను.

7, శనివారం

బేరింగు గరగరమంటోంది. నాకు వినిపిస్తోంది. వాడికి వినిపించదట. వాడి చెవులు పుట్టినప్పటినుంచీ అంతే.

8, ఆదివారం

పైన గదిలో సామాను సర్దుతున్నారు. అట్టపెట్టెలు ఈడుస్తుంటే నా నెత్తిమీద ఈడుస్తున్నట్టుంది. మధ్యలో ఆ పిల్ల దిగివచ్చి, "వదినా, ఈ పెద్ద గిన్నె మీకు ఉంచనా, మేం తీసుకెళ్ళాలా?" అంది. తీసుకెళ్ళండి, ఒక్కదానికి నాకంత గిన్నె ఎందుకు అన్నాను. మామూలుగానే అన్నాను. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది. "మీరూ మాతో రావచ్చు కదా వదినా" అంది. షెడ్డు ఎవరు చూస్తారని కసిరాను.

అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదిహేను. నాన్న ఇంజన్ల కింద దూరితే బయటికి వచ్చేవాడు కాదు. వీడిని చంకనేసుకునే స్పార్క్ ప్లగ్గులు తుడవడం నేర్చుకున్నాను. పెళ్ళి మాట వస్తే వీడిని ఎవరు చూస్తారు అనేదాన్ని. వీడు పెద్దవాడయ్యాక ఆ మాట ఇంకెవరూ తేలేదు. ఇదంతా ఎందుకు రాస్తున్నానో. బేరింగు సంగతి తేల్చాలి.

9, సోమవారం

వాడు నాకు చెప్పకుండా పొద్దున్నే బస్సెక్కాడు. తొడుగు, బేరింగు, సీళ్ళు అన్నీ తనే తెచ్చుకుంటాడట. మరదలి చేత చెప్పించాడు. అంత మగాడయ్యాడన్నమాట.

మధ్యాహ్నం నేనూ ఆ పిల్లా పది నిమిషాలు ఇంజన్ నడిపాం. ఆపే వేళకి ఆ పిల్ల ఫోన్ మోగింది, బడి నుంచి. మాట్లాడుతూ పైకి వెళ్ళిపోయింది. తర్వాత ఏమీ జరగలేదు.

తిండి సయించలేదు.

10, మంగళవారం

పొద్దున వాడు ఉత్సాహంగా వచ్చాడు. కొత్త తొడుగు ఎక్కించేముందు ఒకసారి నడుపుదామన్నాడు. తాళం తిప్పాడు. ఠక్. అంతే. మళ్ళీ తిప్పాడు. ఠక్.

"బ్యాటరీ అనుకుంటా" అన్నాడు. ఆ చప్పుడు బ్యాటరీది కాదని వాడికీ తెలుసు. ప్లగ్గులన్నీ విప్పి తాళం తిప్పేసరికి ఒక్కో రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మాయి. వాడి చొక్కా తడిసింది. ఆయిల్ చూస్తే పాలలా తెల్లగా ఉంది.

వాడు వెళ్ళి కొళాయి పట్టి చూశాడు. తర్వాత, "నిన్న కొళాయి దగ్గర ఎవరున్నారు?" అన్నాడు.

"నేనే" అంది ఆ పిల్ల.

"ఇంజన్ ఆపాక వెంటనే కట్టేశావా?"

"కట్టేశాను." వెంటనే అంది. తర్వాత నా వంక చూసింది. "కట్టేశాననే అనుకుంటున్నాను. ఫోన్ మోగింది… ఫోన్ ఎత్తకముందే కట్టాననుకుంటా. లేక మాట్లాడి కిందికి వచ్చాక కట్టానో."

"అనుకోవడమేంటి? వెంటనే కట్టావా లేదా?"

ఆ పిల్ల తన చెయ్యి వంక చూసుకుంది. అప్పుడు నేను మాట్లాడాను. "పోనీలేరా. కొత్త మనిషి. తెలిసి చేసిందా పాపం?"

ఎంత చక్కగా అన్నానో. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

11, బుధవారం

రోజంతా పని. సిలిండర్లలో నీళ్ళు తోడి, సన్నటి ఆయిల్ కొట్టి, ఆయిల్ రెండుసార్లు మార్చి, మూడోసారి పోశాక ఇంజన్ అందుకుంది. కొంచెం దగ్గింది, తర్వాత సర్దుకుంది. రాడ్లేవీ వంగినట్టు లేదు. ఇంకో రెండు రోజులు అలాగే ఉండి ఉంటే తుప్పు పట్టేసేది. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు లేకపోతే ఈ పడవని తుక్కుకి వెయ్యాల్సిందే అక్కా" అన్నాడు.

కొళాయి దగ్గర వాడే నిలబడ్డాడు. ఆ పిల్ల షెడ్డులోకి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు.

12, గురువారం

పోనీ, ఎవరి ప్రాణాలూ పోలేదు కదా. ఇంజనే. బాగుపడింది.

13, శుక్రవారం

వాడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఈ పని మనకొద్దులే అక్కా" అన్నాడు. "మొదట్లోనే ఇలా అయింది. అక్కడికెళ్ళి ఒంటరిగా నడి నీళ్ళలో ఆగిపోతే ఎవరున్నారు నాకు? తనేమో ఒక కొళాయి కట్టడం కూడా గుర్తుపెట్టుకోలేదు. సోమవారం వాళ్ళ ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

"నీ ఇష్టంరా" అన్నాను.

నేను అడగలేదు. బలవంతం చెయ్యలేదు. వాడంతట వాడే అన్నాడు. టీ పెట్టి ఇచ్చాను. తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. పైన పెట్టెలు మళ్ళీ విప్పుతున్న చప్పుడు. మాటల చప్పుడు మాత్రం లేదు.

సంతోషంగానే ఉంది. ఎందుకుండదు?

పొద్దుటినుంచి రెండుసార్లు పానాల బీరువా సర్దాను. మళ్ళీ సర్దాలి.

14, శనివారం

తెల్లవారి పెరట్లోకి వెళితే కొళాయి దగ్గర ఆ పిల్ల ఉంది. ఒక చేతిలో ఫోన్ చెవికి ఆనించుకుంది. ఎవరితోనూ మాట్లాడడం లేదు. రెండో చేత్తో కొళాయి విప్పుతోంది, కడుతోంది. మళ్ళీ విప్పుతోంది. కట్టాక ఒక అడుగు వేసి, ఆగి, చెయ్యి వంక చూసుకుని, మళ్ళీ వెనక్కి వస్తోంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసిపోయాయి. ఎంతసేపటినుంచి చేస్తోందో.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "గుర్తు తెచ్చుకుందామని వదినా" అంది. "చేతికి గుర్తుంటుందంటారు కదా. కట్టినట్టే అనిపిస్తోంది. మరి నీళ్ళు ఎలా వెళ్ళాయి? నేను వెంటనే కట్టలేదన్నమాటే కదా? బళ్ళో ఇన్నేళ్ళు పనిచేశాను, పిల్లల్ని నీళ్ళ తొట్టి దగ్గర వదిలేసి ఇలాగే ఎప్పుడైనా మర్చిపోయానేమో, ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నాకు తెలియలేదేమో అని భయమేస్తోంది వదినా."

నేను లోపలికి వచ్చేశాను. లోపలికి వచ్చేశాను, ఒక్క మాట అనకుండా. ఛీ.

15, ఆదివారం

పొద్దున వాడిని షెడ్డులోకి పిలిచాను. నిలబడే చెప్పేశాను.

"ఒరేయ్, నీళ్ళు వదిలింది నేను. నీ పెళ్ళాం కొళాయి శుభ్రంగా కట్టింది."

నవ్వాడు. వారం తర్వాత మొదటిసారి నవ్వాడు. "తనని వెనకేసుకు రాకక్కా. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నదానివి, నువ్వు కొళాయి మర్చిపోతావా?"

"మర్చిపోలేదు. కావాలనే చేశాను."

"కావాలని ఎందుకు చేస్తావు?"

చెప్పాలి కదా. చెబుదామనే పిలిచాను. వాడి మొహం చూస్తూ నువ్వు వెళ్ళకూడదనిరా అనే నాలుగు ముక్కలు పెగల్లేదు నాకు. పానా చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

"చూశావా? అబద్ధమాడడం కూడా చేతకాదు నీకు" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు. నా మంచితనానికి!

అక్కడితో ఆగలేదు. పైకి వెళ్ళి ఆ పిల్లతో అంటున్నాడు, నాకు కిందికి వినపడుతోంది. "అక్క నీకోసం తప్పు తన మీద వేసుకుంటోంది. ఆవిడ మనసు అది. నువ్వు చేసినదాన్ని నువ్వు ఒక్కసారి గట్టిగా ఒప్పుకున్నావా?"

"ఒప్పుకుంటున్నాను" అంది ఆ పిల్ల. "నేనే చేశాను. సరేనా?"

15, మళ్ళీ

ఒరేయ్, ఇక్కడినుంచి నీకు రాస్తున్నాను.

ముందు 9వ తేదీ పేజీ చూడు. తర్వాత ఏమీ జరగలేదు అని రాసుకున్నాను. నాకు నేనే అబద్ధం రాసుకున్నాను. జరిగింది ఇది. నీ పెళ్ళాం ఇంజన్ ఆగీ ఆగగానే కొళాయి కట్టింది. గట్టిగా కట్టింది. కట్టిన తర్వాతే ఫోన్ ఎత్తింది. నేను కళ్ళారా చూశాను. తను పైకి వెళ్ళి తలుపు వేసుకునేదాకా ఆగాను. డ్రైవరు సీటు దగ్గర ఎర్ర తాడు ఉంటుంది కదా, మనిషి పడిపోతే ఇంజన్ ఆగేందుకు, దాని క్లిప్పు పీకాను. అది పీకితే తాళం తిప్పినా ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. అప్పుడు వెళ్ళి కొళాయి పూర్తిగా విప్పాను. వచ్చి తాళం తిప్పాను. ఒకసారి కాదు. ఐదోసారికి బరువెక్కింది, ఆరోసారికి ఠక్‌మంది. ఆ ఠక్ విని కొళాయి కట్టి, క్లిప్పు మళ్ళీ పెట్టి, చేతులు కడుక్కున్నాను. క్లిప్పు కొసన నా వేలి గ్రీజు మరక ఇంకా ఉంది. వెళ్ళి చూసుకో.

ఎందుకు అన్నావు. నువ్వు వెళ్ళిపోకూడదని. తొడుగు బాగానే ఉంది, బేరింగు ఏ చప్పుడూ చెయ్యలేదు. నువ్వు వెళితే ఈ షెడ్డులో అక్కా అని పిలిచే గొంతు ఉండదు, నేను ఎవరిని తిట్టాలి, ఎవరికి పానా అందించమనాలి అని భయపడ్డాను. వెళ్ళొద్దురా అని అడగడానికి సిగ్గుపడ్డాను. ఇంజన్ చంపడానికి సిగ్గుపడలేదు.

దానికన్నా పాడు పని నువ్వు ఆ పిల్లని అడిగినప్పుడు చేశాను. కొత్త మనిషి, పోనీలే అన్నాను చూడు, అది. ఇంజన్‌కి ఆయిల్ మార్చాం. నేను అన్న ఆ మాటతో ఆ పిల్ల తన చేతిని తనే నమ్మడం మానేసింది. నిన్న తెల్లవారి పెరట్లో ఏం చేస్తోందో నిన్నటి పేజీలో ఉంది, చదువు.

రేపు ఆఫీసువాళ్ళకి ఫోన్ చేసేముందు ఇది చదువు. తర్వాత నీ ఇష్టం. ఈసారి నిజంగానే నీ ఇష్టం.

ఇప్పుడే పైకి తీసుకెళ్ళి నీ చేతిలో పెడతాను. నేను మనసు మార్చుకునేలోపు.

18, బుధవారం

నోట్‌బుక్ సోమవారం మధ్యాహ్నం కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఆఫీసుకి ఫోన్ చెయ్యలేదు. నిన్న కొత్త తొడుగు, బేరింగు తనే ఎక్కించుకున్నాడు. నేను వంటింట్లో కూర్చుని సుత్తి దెబ్బలు లెక్కపెట్టాను.

ఇవాళ కాలు ఎక్కించడం. మొగుడూ పెళ్ళాం ఇద్దరే దిగారు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. గొలుసు కప్పీతో లేపారు, సూటిగా పెట్టారు, తోశారు. ఆఖరి రెండు అంగుళాల దగ్గర ఆగిపోయింది. లాగి మళ్ళీ తోశారు. కాలు లోపలి కడ్డీ పళ్ళు, ఇంజన్ పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చోవడం లేదు. గేర్లో పెట్టి, కాలి చివర నీళ్ళని తోసే రెక్కని కాస్త తిప్పితే చాలు, వాడు గేరు మర్చిపోయాడు. అరగంట అయింది. వాడి మెడ నరాలు ఉబ్బిపోయాయి. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. పిలవనిదే వెళ్ళే హక్కు నాకు లేదు.

గుమ్మంలోకి మరదలు వచ్చింది. మొహమంతా చెమట.

"పళ్ళు కూర్చోవట్లేదు వదినా. ఆయన మిమ్మల్ని పిలవడు. నేను పిలుస్తున్నాను." చెమట తుడుచుకుని, "మీరు చేసింది మర్చిపోయానని కాదు" అంది.

"మర్చిపోవద్దమ్మా" అన్నాను. "నీ చెయ్యి తప్పు చెయ్యలేదు. అదొక్కటీ గుర్తుపెట్టుకో."

తల ఊపింది. ముందు నడిచింది.

నేను వెళ్ళేసరికి వాడు పక్కకి జరిగాడు. నా వంక చూడలేదు. గేరు ముందుకి వేసి, రెక్కని రెండు వేళ్ళతో చిటికెడంత తిప్పాను. లోపల ఎక్కడో చిన్న చప్పుడు, మెత్తగా. భుజం ఆనించి తోశాను. కాలు వెళ్ళి పడవకి అతుక్కుంది. అంతే, ఇక పడవ కదులుతుంది. నట్లు ఎక్కించి, బిగువు చాలగానే టిక్కుమనే పానాతో ఆరూ బిగించాను. ఎప్పుడూ నేను బిగించేవే కాబట్టి చేతులు ఆగలేదు.

లేచి నిలబడ్డాను. వాడు నా చేతిలోంచి పానా తీసుకున్నాడు. పెట్టెలో పెట్టడానికేమో అనుకున్నాను. వంగి మొదటి నట్టుకి తగిలించాడు. ఇన్నేళ్ళలో నేను బిగించిన నట్టుని వాడు తిరిగి పట్టి చూసింది లేదు. ఒకసారి ఎవరో గొప్పలు చెప్పుకునే పడవ యజమాని నా పని మీద అనుమానపడితే మా అక్క చెయ్యి పడ్డాక దేవుడు కూడా చూడక్కర్లేదని కొట్లాటకి దిగినవాడు. ఇవాళ ఒక్కొక్కటే, తొందర లేకుండా, ఆరూ చూశాడు. నేను అక్కడే నిలబడ్డాను. మరదలు కొళాయి వైపు చూస్తూ నిలబడింది.

మంచి పని చేశాడు. వాడి చోట ఉంటే నేనూ అదే చేసేదాన్ని. మోసం చేసిన చేతిని నమ్మి పెళ్ళాన్ని నడి నీళ్ళలోకి తీసుకెళతాడా?

ఆరుసార్లు టిక్కుమంది. ఒక్క నట్టు కూడా వెంట్రుకవాసి తిరగలేదు.